మొక్కల కణజాలం నుంచి ప్రోటీన్లు తీయడం: విశాఖ ప్రయోగశాలల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలోని విశ్వవిద్యాలయ విభాగాల్లోనూ, చుట్టుపక్కల డిగ్రీ, పీజీ కళాశాలల్లోనూ మొక్కల మీద ప్రాజెక్టు మొదలుపెట్టే విద్యార్థులు ప్రోటీన్ల దగ్గరకు వచ్చేసరికి దాదాపు ఒకే రకమైన ఇబ్బందులు పడుతుంటారు. వాటిలో చాలా భాగం పరికరాల కొరత వల్ల వచ్చేవి కావు. ఆకు కోసిన క్షణం నుంచి అది గడ్డకట్టే దాకా ఏం జరుగుతోందో పట్టించుకోకపోవడం వల్ల, ఏ విశ్లేషణ కోసం ప్రోటీన్ తీస్తున్నామో ముందే తేల్చుకోకపోవడం వల్ల వచ్చేవే ఎక్కువ. అందుకే ఈ జవాబుల్లో ఆ రెండు విషయాలకు ఎక్కువ చోటిచ్చాను.

మొక్కల నుంచి ప్రోటీన్ తీయడం జంతు కణజాలం కంటే ఎందుకు కష్టం?

మొదటి కారణం పరిమాణం. తాజా ఆకు బరువులో ఎక్కువ భాగం నీరే. ప్రోటీన్ సాధారణంగా ఒకటి నుంచి మూడు శాతం దాకా మాత్రమే ఉంటుంది. ఆ కొద్దిపాటి ప్రోటీన్ కూడా సెల్యులోజ్‌తో కట్టిన గట్టి కణకవచం లోపల, పెద్ద రిక్తిక (కణరసంతో నిండిన సంచి) చుట్టూ పలచని పొరలా పరచుకున్న జీవపదార్థంలో ఉంటుంది. కణాన్ని పగలగొట్టడానికి బలం కావాలి, పగలగొట్టగానే రిక్తికలో దాగిన ఆమ్లాలు, ఫీనాలిక్ పదార్థాలు, ప్రోటీన్లను కోసివేసే ప్రోటియేజ్ ఎంజైములు అన్నీ ఒక్కసారిగా వచ్చి ప్రోటీన్లతో కలిసిపోతాయి. బతికి ఉన్న కణంలో వేర్వేరు గదుల్లో ఉండే ఈ పదార్థాలను మన కల్వమే ఒకచోటికి చేరుస్తుంది. వెలికితీత బఫర్‌లో (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణంలో) మనం వేసే ప్రతి రసాయనమూ ఈ కలయిక వల్ల జరిగే నష్టాలలో ఏదో ఒకదాన్ని ఆపడానికే ఉంది.

రెండో కారణం రుబిస్కో. కిరణజన్య సంయోగక్రియలో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకునే ఈ ఎంజైము ఆకులో కరిగే ప్రోటీన్లలో మూడో వంతు నుంచి సగం దాకా ఆక్రమిస్తుంది. దాని వెనుక, కొద్ది మోతాదులో ఉండే ప్రోటీన్లు కనిపించకుండా పోతాయి.

ఏ పద్ధతి వాడాలో ఎలా నిర్ణయించుకోవాలి?

ప్రోటీన్ తీశాక దానితో ఏం చేస్తారన్నదే దీన్ని నిర్ణయిస్తుంది. ఎంజైము చురుకుదనం కొలవాలనుకుంటే ప్రోటీన్ మడతలు చెడకూడదు. కాబట్టి ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లం (టీసీఏ), ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్, ఫీనాల్ మూడూ పనికిరావు. చల్లని ట్రిస్ లేదా ఫాస్ఫేట్ బఫర్‌లో, 10 శాతం గ్లిసరాల్ కలిపి, 4 డిగ్రీల దగ్గర పని ముగించి, సెఫాడెక్స్ జీ-25 వంటి చిన్న కాలమ్ గుండా పంపి చిన్న అణువులను తొలగించాలి. సాధారణ ఎస్‌డీఎస్ జెల్ (ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి వేరుచేసేది) లేదా వెస్టర్న్ బ్లాట్ (ఒక ప్రోటీన్‌ను యాంటీబాడీతో గుర్తించేది) మాత్రమే చేయాలంటే, పొడిని నేరుగా వేడి ఎస్‌డీఎస్ బఫర్‌లో కలపడం చాలాసార్లు సరిపోతుంది. ద్విమితీయ జెల్ (ప్రోటీన్లను మొదట విద్యుదావేశాన్ని బట్టి, తర్వాత పరిమాణాన్ని బట్టి వేరుచేసేది), మాస్ స్పెక్ట్రోమెట్రీ (ముక్కల ద్రవ్యరాశిని కొలిచి ప్రోటీన్‌ను గుర్తించేది) కావాలంటే శుభ్రత ముఖ్యం; అక్కడ టీసీఏ-అసిటోన్ లేదా ఫీనాల్ పద్ధతి తప్పనిసరి. మొత్తం ప్రోటీన్ శాతం మాత్రమే కావాలంటే, అసలు వెలికితీతతో పని లేకుండా జెల్డాల్ పద్ధతిలో నైట్రోజన్ కొలిచి 6.25తో గుణించవచ్చు. అయితే ఆ గుణకం ప్రోటీన్‌లో 16 శాతం నైట్రోజన్ ఉంటుందన్న లెక్క మీద నిలబడినది. ఆల్కలాయిడ్ల వంటి, ప్రోటీన్ కాని నైట్రోజన్ పదార్థాలు ఎక్కువగా ఉన్న ఆకుల్లో అది నిజం కన్నా ఎక్కువ చూపిస్తుంది.

ఒకే నమూనా నుంచి అన్నీ చేయాలనే ఆశ చాలామందికి ఉంటుంది. గడ్డకట్టిన పొడిని మూడు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని దానికి తగిన పద్ధతిలో తీసుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఆకులు ఎప్పుడు, ఎలా కోయాలి?

అన్ని నమూనాలనూ రోజులో ఒకే సమయంలో కోయాలి. మధ్యాహ్నానికి ఆకుల్లో పిండిపదార్థం పేరుకుంటుంది, ప్రోటీన్ల మోతాదులు కూడా వెలుతురును బట్టి మారతాయి. ఉదయం 8 గంటలకు కోసిన ‘నియంత్రణ’ మొక్కనూ, మధ్యాహ్నం 2 గంటలకు కోసిన ‘ఉప్పు ఒత్తిడి’ మొక్కనూ పోల్చితే మీరు చూసేది ఉప్పు ప్రభావమో, ఎండ ప్రభావమో చెప్పలేరు. అదే విధంగా కొమ్మ చివరి నుంచి ఎన్నో ఆకు అన్నది ముందే నిర్ణయించుకోవాలి. లేత ఆకుల్లో ప్రోటీన్ ఎక్కువ, నార తక్కువ. ముదురు ఆకుల్లో పరిస్థితి తలకిందులుగా ఉంటుంది.

కోసిన ఆకును కుళాయి కింద పదినిమిషాలు కడగడం, బ్లాటింగ్ కాగితం మీద ఆరబెట్టడం, తర్వాత తూకం వేయడం ఒక అలవాటుగా సాగుతోంది. ఈ అలవాటు మానుకోవాలి. దుమ్ము ఉంటే ముందు రోజు సాయంత్రమే మొక్క మీదే ఆకును తుడవవచ్చు. కోసిన తర్వాత అరనిమిషం లోపల ఆకు గడ్డకట్టాలి. తూకం గడ్డకట్టిన తర్వాతైనా వేసుకోవచ్చు. తెగిన ఆకులో గాయానికి స్పందించే జన్యువులు, ప్రోటియేజులు నిమిషాల్లో పని మొదలుపెడతాయి.

కంబాలకొండ వంటి రక్షిత అటవీ ప్రాంతంలో మొక్కలు సేకరించాలంటే అటవీ శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. ప్రాజెక్టు చివరి నెలలో ఈ అనుమతి కోసం తిరిగితే ఫలితం ఉండదు.

అరకు నుంచి కాఫీ ఆకులు తేవాలి. దారిలో చెడిపోకుండా ఎలా?

అరకు లోయ విశాఖకు సుమారు 115 కిలోమీటర్లు. ఘాట్ రోడ్డు మీద మూడు, నాలుగు గంటలు పడుతుంది కాబట్టి ఆకులను పచ్చిగా సంచిలో తెచ్చి ఇక్కడ గడ్డకట్టించడం దండగ. ద్రవ నైట్రోజన్ నింపిన చిన్న డ్యువార్ పాత్రను (థర్మాస్ లాంటిదాన్ని) వాహనంలో నిటారుగా కట్టి తీసుకువెళ్ళడం ఉత్తమం. కిటికీలు తెరిచి ఉంచాలి, ఎందుకంటే ఒక లీటరు ద్రవ నైట్రోజన్ ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది, అది మూసిన కారులో ఆక్సిజన్‌ను పలచబరుస్తుంది. ఆకులను అల్యూమినియం రేకులో చుట్టి, పెన్సిలుతో రాసిన చీటీని రేకు లోపలే పెట్టి ముంచండి. మార్కర్ పెన్నుతో రేకు మీద రాసిన పేర్లు ఆ చలికి, తర్వాత పట్టే తేమకు రాలిపోతాయి.

ద్రవ నైట్రోజన్ దొరకకపోతే మైనస్ 78.5 డిగ్రీల ఘన కార్బన్ డయాక్సైడ్, అంటే డ్రై ఐస్, వాడవచ్చు. అదీ లేకపోతే తోటలోనే పని కొంత ముగించే మార్గం ఉంది: చిన్న కల్వంలో ఆకును నేరుగా చల్లని టీసీఏ-అసిటోన్‌లో నూరి, మూత బిగించిన గొట్టాల్లో మంచు పెట్టెలో తేవడం. ఆ ఆమ్లం ప్రోటియేజులను అక్కడికక్కడే నిర్వీర్యం చేస్తుంది. చేతికి తగలకుండా, నిప్పుకు దూరంగా ఉంచాల్సిన ద్రవం అది, కాబట్టి అనుభవం ఉన్నవారు పక్కన ఉండాలి.

చేపల రేవు నుంచి తెచ్చిన మంచు సరిపోతుందా?

ప్రయోగశాలలో గొట్టాలు చల్లగా ఉంచుకోవడానికి సరిపోతుంది. ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల మంచు ఎప్పుడూ దొరుకుతుంది. దాన్ని చితక్కొట్టి మూడు వంతుల మంచుకు ఒక వంతు కల్లుప్పు కలిపితే మైనస్ 20 డిగ్రీల సమీపానికి చేరుతుంది. అసిటోన్ అవక్షేపానికి, అంటే ప్రోటీన్‌ను అసిటోన్‌తో ముద్దగా దించడానికి, అది పనికొస్తుంది. కానీ పచ్చి ఆకును గడ్డకట్టించడానికి కాదు. నెమ్మదిగా గడ్డకట్టే ఆకులో పెద్ద మంచు స్ఫటికాలు పెరిగి కణపొరలను చీలుస్తాయి, ఎంజైములు మాత్రం పని చేస్తూనే ఉంటాయి.

నూరడం ఎంత సేపు? సరిగ్గా నూరామని ఎలా తెలుస్తుంది?

గడియారం చూసి కాదు, పొడి చూసి తెలుసుకోవాలి. కల్వాన్నీ, గుండునూ ముందుగా ద్రవ నైట్రోజన్ పోసి చల్లబరచండి. పోసిన ద్రవం మొదట చిటపటలాడుతూ మరిగి, కాసేపటికి శబ్దం తగ్గుతుంది. అప్పుడు ఆకు వేయండి. మొదటి నొక్కుకు ఆకు గాజులా పగులుతుంది. తర్వాత గుండ్రంగా తిప్పుతూ నూరుతుంటే లేత ఆకుపచ్చ, దాదాపు తెల్లబారిన పొడి తయారవుతుంది. అది చెమ్చాతో తీసినప్పుడు ఎండు పసుపు పొడిలా జారాలి. కల్వం అంచున ఎక్కడైనా ముదురాకుపచ్చ మచ్చ కనిపించినా, పొడి గుండుకు అంటుకున్నా అక్కడ కరగడం మొదలైందని అర్థం. ఆ వెంటనే మళ్ళీ నైట్రోజన్ పోయాలి. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కల్వం మీద మంచు పొర కూడా త్వరగా పేరుకుంటుంది. ఆ మంచు పొడిలో కలిస్తే మీ తూకమూ, బఫర్ గాఢతా తప్పుతాయి. ఏసీ గదిలో, చిన్న మోతాదుల్లో నూరడం మంచిది.

చెరకు ఆకు, కొబ్బరి ఆకు వంటి నార, సిలికా ఎక్కువున్న వాటికి ఈనెను తీసివేసి పలక భాగాన్ని మాత్రమే వాడండి.

పొడిని గొట్టంలోకి మార్చేటప్పుడు ద్రవ నైట్రోజన్ చుక్క కూడా లోపల మిగలకుండా చూసి, ఆ తర్వాతే మూత పెట్టాలి. లోపల మిగిలితే గొట్టం పేలుతుంది.

వెలికితీత బఫర్‌లో ఏమేం ఉండాలి?

మామూలు ఆకులకు పనికొచ్చే ఒక కూర్పు ఇది: 50 మిల్లీమోలార్ ట్రిస్-హెచ్‌సీఎల్, పీహెచ్ 7.5 నుంచి 8. 1 మిల్లీమోలార్ ఈడీటీఏ (లోహ అయాన్లను పట్టుకునేది). 5 మిల్లీమోలార్ డీటీటీ (ఆక్సీకరణను ఆపేది). 1 మిల్లీమోలార్ పీఎంఎస్‌ఎఫ్ (ప్రోటియేజులను ఆపేది). 10 శాతం గ్లిసరాల్. 1 నుంచి 2 శాతం కరగని పీవీపీపీ (ఫీనాలిక్‌లను పట్టుకునే పొడి). ఒక గ్రాము పొడికి 3 మిల్లీలీటర్ల బఫర్ మంచి ప్రారంభం. కణపొరల్లోని ప్రోటీన్లు కావాలంటే ట్రైటాన్ ఎక్స్-100 వంటి డిటర్జెంట్ కలపాలి.

ఇక్కడ పీహెచ్ గురించి ఒక మాట విడిగా చెప్పాలి. ట్రిస్ పీహెచ్ ఉష్ణోగ్రతతో మారుతుంది. ఒక్కో డిగ్రీ తగ్గినప్పుడు దాదాపు 0.028 పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 8.0కి సరిచేసిన బఫర్ 4 డిగ్రీల దగ్గర 8.6 అవుతుంది. మే నెలలో ఏసీ లేని గదిలో 33 డిగ్రీల దగ్గర సరిచేస్తే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. క్షారగుణం పెరిగేకొద్దీ ఫీనాలిక్ పదార్థాలు త్వరగా ఆక్సీకరణం చెందుతాయి. కాబట్టి బఫర్‌ను వాడబోయే ఉష్ణోగ్రత దగ్గరే, అంటే మంచులో పెట్టి, పీహెచ్ సరిచేయండి. ‘అదే ప్రొటోకాల్ డిసెంబరులో పనిచేసింది, మేలో ఎందుకు పనిచేయలేదు’ అనే ప్రశ్నకు తరచుగా జవాబు ఇదే.

మామిడి, జీడిమామిడి ఆకుల సారం గోధుమ రంగులోకి మారిపోతోంది. ఏం చేయాలి?

కోసిన వంకాయ ముక్కలను ఇళ్ళలో ఉప్పు నీళ్ళలో ఎందుకు వేస్తారో ఇక్కడా అదే సమస్య. కణం పగలగానే పాలీఫీనాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము గాలిలోని ఆక్సిజన్‌తో ఫీనాలిక్ పదార్థాలను క్వినోన్లుగా మారుస్తుంది. ఈ క్వినోన్లు ప్రోటీన్లలోని లైసిన్, సిస్టీన్ భాగాలకు శాశ్వతంగా అంటుకుంటాయి. అలా అంటుకున్న ప్రోటీన్ మళ్ళీ సరిగా కరగదు, జెల్‌లో స్పష్టమైన పట్టీగా దిగదు, ట్రిప్సిన్‌తో కోసినా మాస్ స్పెక్ట్రోమీటర్‌లో ఊహించిన ముక్కలు దొరకవు. రంగు మారిన తర్వాత ఏ రసాయనం కలిపినా జరిగినదాన్ని వెనక్కి తిప్పలేము. గోధుమ రంగు సారాన్ని ‘పరవాలేదు, చూద్దాం’ అని ముందుకు తీసుకువెళ్ళవద్దు. పొడి మిగిలి ఉంటే కొత్తగా మొదలుపెట్టండి.

నివారణకు మూడు పనులు కలిసి చేయాలి. పీవీపీపీని బఫర్‌లో ముందు రోజే నానబెట్టి ఉంచాలి. ఎండు పొడిగా చివరి నిమిషంలో వేస్తే అది ఉబ్బడానికే సమయం పడుతుంది, ఫీనాలిక్‌లను పట్టుకోదు. డీటీటీ లేదా బీటా-మెర్కాప్టోఎథనాల్‌తో పాటు కొద్దిగా ఆస్కార్బిక్ ఆమ్లం కలిపి ఆక్సీకరణను ఆపాలి. ఆస్కార్బిక్ ఆమ్లం పీహెచ్‌ను కిందికి దించుతుంది కనుక మళ్ళీ సరిచూసుకోవాలి. పొడి గడ్డకట్టి ఉండగానే దాని మీద చల్లని బఫర్ పోయాలి తప్ప, పొడి కరిగాక కాదు. మామిడి, జీడిమామిడి, కాఫీ, మడచెట్లు వంటి వాటిలో ఈ మూడూ చేసినా చాలకపోవచ్చు. అప్పుడు నీటి బఫర్‌ను వదిలి ఫీనాల్ పద్ధతికి వెళ్ళడమే దారి.

పీఎంఎస్‌ఎఫ్ ఉదయమే కలిపి రోజంతా వాడవచ్చా?

కూడదు. నీటిలో అది విచ్ఛిన్నమవుతుంది. పీహెచ్ 8, 25 డిగ్రీల దగ్గర దాని అర్ధాయువు సుమారు అరగంట మాత్రమే. ఐసోప్రొపనాల్‌లో గాఢ ద్రావణం చేసి మైనస్ 20లో ఉంచి, పొడి మీద బఫర్ పోసే ముందే కలపండి. అది విషపదార్థం, తూచేటప్పుడు చేతి తొడుగులు, ముఖానికి మాస్కు ఉండాలి. పైగా అది సెరీన్ ప్రోటియేజులనే ప్రధానంగా ఆపుతుంది. మొక్కల్లో విరివిగా ఉండే సిస్టీన్ ప్రోటియేజులకు ఈ-64 లేదా ల్యూపెప్టిన్, ఆస్పార్టిక్ రకానికి పెప్‌స్టాటిన్, లోహం మీద ఆధారపడే వాటికి ఈడీటీఏ కావాలి. బొప్పాయి పాలలోని పపైన్ సిస్టీన్ ప్రోటియేజే. బొప్పాయి మీద పనిచేసేవారు పీఎంఎస్‌ఎఫ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే చివరికి జెల్ మీద ముక్కలే మిగులుతాయి.

టీసీఏ-అసిటోన్ పద్ధతిలో చివరి ముద్ద ఎంత కలిపినా కరగడం లేదు. ఎందుకు?

1986లో దామర్వాల్, ఆమె సహచరులు గోధుమ ప్రోటీన్ల మీద వివరించిన ఈ పద్ధతిలో, పొడికి పది రెట్లు 10 శాతం టీసీఏ ఉన్న చల్లని అసిటోన్‌ను, 0.07 శాతం బీటా-మెర్కాప్టోఎథనాల్‌తో కలిపి మైనస్ 20లో కనీసం గంటసేపు ఉంచుతారు. ప్రోటీన్లు అడుగున ముద్దగా పేరుకుంటాయి. పత్రహరితం, కొవ్వులు, అనేక ఫీనాలిక్‌లు అసిటోన్‌తో వెళ్ళిపోతాయి. తర్వాత టీసీఏ లేని చల్లని అసిటోన్‌తో రెండు, మూడు సార్లు కడుగుతారు.

కరగకపోవడానికి సాధారణంగా రెండు కారణాలు. మొదటిది, కడగడం చాలకపోవడం: మిగిలిన ఆమ్లం వల్ల యూరియా ద్రావణం పీహెచ్ పడిపోతుంది. కడిగేటప్పుడు ముద్దను గొట్టం అడుగున అలాగే వదిలి పైన అసిటోన్ పోసి తీసేయడం కడగడం కాదు. గాజు కడ్డీతో విడగొట్టి, ప్రతిసారీ మెత్తని బురదలా చెదరగొట్టాలి. రెండోది, అతిగా ఆరబెట్టడం. అసిటోన్ వాసన పోయి, ముద్ద అంచులు తెల్లబడి, మధ్యలో ఇంకా కొంచెం తడి మెరుపు ఉన్నప్పుడే ఆపాలి. వాక్యూమ్‌లో రాత్రంతా పెట్టిన ముద్ద సున్నపురాయిలా గట్టిపడుతుంది, తర్వాత వోర్టెక్స్ యంత్రం మీద ఎంత కుదిపినా లాభం లేదు.

కరిగించడానికి 7 మోలార్ యూరియా, 2 మోలార్ థయోయూరియా, 4 శాతం చాప్స్ (ఒక డిటర్జెంట్) ఉన్న ద్రావణం వాడతారు. దీన్ని వేడి చేయకూడదు. యూరియా నుంచి పుట్టే ఐసోసయనేట్ ప్రోటీన్లను కార్బమైలేట్ చేసి (వాటికి అంటుకొని) వాటి విద్యుదావేశాన్ని మారుస్తుంది, 37 డిగ్రీలు దాటితే ఇది వేగంగా జరుగుతుంది. వేసవిలో బల్ల మీద వదిలేసిన గొట్టం ఆ ఉష్ణోగ్రతకు ఎంత దగ్గరగా ఉంటుందో గుర్తుంచుకోండి.

ఫీనాల్ పద్ధతి ఎప్పుడు వాడాలి?

పిండిపదార్థాలు, జిగురు, ఫీనాలిక్‌లు ఎక్కువగా ఉన్న కణజాలానికి, అంటే పండ్లు, దుంపలు, కలబంద, బెండ, మడ ఆకులకు, నేను దీన్నే ముందుగా సూచిస్తాను. హర్క్‌మన్, తనాకా 1986లో మొక్కల పొరల ప్రోటీన్లకు వాడిన విధానం దీనికి ఆధారం. పొడిని 0.7 మోలార్ సుక్రోజ్ ఉన్న బఫర్‌లో కలిపి, అంతే పరిమాణంలో ట్రిస్‌తో సంతృప్తం చేసిన, పీహెచ్ 8 దగ్గర ఉన్న ఫీనాల్‌ను చేర్చి బాగా కలుపుతారు. ప్రోటీన్లు ఫీనాల్‌లోకి వెళ్తాయి. చక్కెరలు, పాలీశాకరైడ్లు, లవణాలు నీటి పొరలో మిగులుతాయి. ఆ ఫీనాల్ పొరను తీసి, దానికి ఐదు రెట్లు 0.1 మోలార్ అమ్మోనియం ఎసిటేట్ ఉన్న చల్లని మెథనాల్ చేర్చి రాత్రంతా మైనస్ 20లో ఉంచితే ప్రోటీన్ తెల్లని తునకలుగా దిగుతుంది.

ఇక్కడ కొత్తవారు ఒక విషయంలో తడబడతారు. ఫీనాల్ నీటికన్నా బరువైనది, కాబట్టి మామూలుగా కింద ఉంటుంది. సుక్రోజ్ కలిపిన నీటి పొర ఇంకా బరువెక్కడం వల్ల ఈ పద్ధతిలో ఫీనాల్ పైకి వస్తుంది. డీఎన్ఏ తీసిన అలవాటుతో పై పొరను నీరనుకొని ఉంచుకోవాల్సినదాన్ని పారబోయవద్దు. ఆర్‌ఎన్‌ఏ కోసం తెచ్చిన ఆమ్ల ఫీనాల్‌ను దీనికి వాడవద్దు.

చోడి (రాగి), వేరుశనగ, పెసల గింజలకు కూడా ఇదే పద్ధతా?

కాదు. గింజల్లో ప్రోటీన్ నిల్వ రూపంలో, ఎక్కువ మోతాదులో ఉంటుంది: వేరుశనగ, పెసలలో నాలుగో వంతు వరకు, చోడిలో ఏడు శాతం దాకా. వేరుశనగ, జీడిపప్పుల్లో నూనె దాదాపు సగం బరువు ఉంటుంది కనుక ముందు పొడిని హెక్సేన్‌తో కడిగి నూనె తీసివేయాలి. తర్వాత మొక్కల ప్రోటీన్లను అధ్యయనం చేసిన రసాయన శాస్త్రవేత్త థామస్ ఆస్బోర్న్ చూపిన వరుస నేటికీ పనికొస్తుంది: నీటిలో కరిగేవి ఆల్బుమిన్లు, ఉప్పు ద్రావణంలో కరిగేవి గ్లోబ్యులిన్లు, 60 నుంచి 70 శాతం ఆల్కహాల్‌లో కరిగేవి ప్రోలమిన్లు, సజల క్షారంలో కరిగేవి గ్లుటెలిన్లు. పప్పుధాన్యాల్లో గ్లోబ్యులిన్లు ప్రధానం. చోడి, జొన్న వంటి ధాన్యాల్లో ప్రోలమిన్లు గణనీయం. అందుకే చోడి పిండిని ఫాస్ఫేట్ బఫర్‌లో మాత్రమే తీసి ‘ప్రోటీన్ చాలా తక్కువ’ అని రాయడం సరికాదు. మిగిలినది గొట్టం అడుగున ముద్దలోనే ఉంది.

సెంట్రిఫ్యూజ్ వేగం 12,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) అని రాస్తే చాలదా?

చాలదు. గొట్టాలను తిప్పే రోటర్ వ్యాసార్ధం తెలియకుండా ఆ అంకెకు అర్థం లేదు. గురుత్వబలం రెట్లు = 1.118 × 10⁻⁵ × వ్యాసార్ధం సెంటీమీటర్లలో × ఆర్‌పీఎం వర్గం. 8.5 సెంటీమీటర్ల రోటర్ మీద 12,000 ఆర్‌పీఎం అంటే దాదాపు 13,700 రెట్లు. ఆ అంకెను రాయండి.

ప్రోటీన్ మోతాదు కొలవడానికి బ్రాడ్‌ఫర్డా, లౌరీయా?

మీ బఫర్‌లో ఏముందో చూసి ఎంచుకోండి. 1976లో వచ్చిన బ్రాడ్‌ఫర్డ్ పద్ధతిలో కూమసీ రంగు ప్రోటీన్‌కు అంటుకొని 595 నానోమీటర్ల దగ్గర నీలంగా కనిపిస్తుంది. డీటీటీ దీనికి పెద్దగా అడ్డురాదు, కానీ ఎస్‌డీఎస్ వంటి డిటర్జెంట్లు చెడగొడతాయి. 1951 నాటి లౌరీ పద్ధతికి డీటీటీ, ట్రిస్, ఈడీటీఏ మూడూ ఇబ్బందే. అన్నిటికన్నా ముఖ్యంగా, మొక్కల ఫీనాలిక్‌లు దాని రసాయనంతో నేరుగా చర్య జరిపి లేని ప్రోటీన్‌ను చూపిస్తాయి. ఆకుల సారాన్ని శుద్ధి చేయకుండా లౌరీతో కొలిచిన అంకెలను నేను నమ్మను. రాగి అయాన్ల మీద ఆధారపడే మరో రంగు పద్ధతి బీసీఏ డిటర్జెంట్లను తట్టుకుంటుంది, డీటీటీని తట్టుకోదు.

ఏది వాడినా, పోల్చడానికి వాడే బీఎస్‌ఏ (పశువుల రక్తంలోని ఆల్బుమిన్) ప్రమాణాన్ని నీటిలో కాక మీరు వాడిన బఫర్‌లోనే కలపండి. లెక్క ఇలా వేయాలి: అర గ్రాము ఆకు నుంచి 1.4 మిల్లీలీటర్ల సారం వచ్చి, గాఢత మిల్లీలీటరుకు 2.4 మిల్లీగ్రాములు ఉంటే, మొత్తం 3.36 మిల్లీగ్రాములు, గ్రాము తాజా బరువుకు 6.7 మిల్లీగ్రాములు. జెల్ బావికి 20 మైక్రోగ్రాములు కావాలంటే 8.3 మైక్రోలీటర్లు తీసుకోవాలి.

జెల్ మీద సారం మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

12 శాతం జెల్ మీద ఆకు సారాన్ని పరుగెత్తిస్తే 55 కిలోడాల్టన్ల దగ్గర రుబిస్కో పెద్ద ఉపభాగం మందపాటి పట్టీగా, 14, 15 దగ్గర చిన్న ఉపభాగం కనిపించాలి. ఈ రెండూ స్పష్టంగా ఉంటే సారం బాగున్నట్టే. 55 దగ్గర పట్టీ పలచబడి, దాని కింద మసక మేఘంలా పరచుకుంటే ప్రోటియేజులు పనిచేశాయి. బావి నుంచి కిందికి నిలువు గీతలు లాగితే పాలీశాకరైడ్లు లేదా న్యూక్లియిక్ ఆమ్లాలు మిగిలి ఉన్నాయి. రుబిస్కో అడ్డు తొలగించాలంటే పాలీఎథిలీన్ గ్లైకాల్‌తో లేదా ప్రొటమైన్ సల్ఫేట్‌తో వేరుచేసే పద్ధతులున్నాయి. కానీ దానితో పాటు మరికొన్ని ప్రోటీన్లూ పోతాయని మనసులో ఉంచుకోండి.

రుషికొండ, భీమిలి ఒడ్డున పెరిగే మొక్కల్లో ఉప్పు ఎక్కువ. అది అడ్డొస్తుందా?

ఎస్‌డీఎస్ జెల్‌లో పట్టీలు వంకరపోతాయి. ద్విమితీయ జెల్ మొదటి దశలో, ఐసోఎలక్ట్రిక్ ఫోకసింగ్‌లో, విద్యుత్తు ఉప్పు ద్వారా ప్రవహించి జెల్ స్ట్రిప్ వేడెక్కుతుంది, వోల్టేజి పెరగదు. ఫీనాల్ పద్ధతితో, ఆపై 80 శాతం చల్లని అసిటోన్‌తో కడిగితే లవణాలు పోతాయి. ఒట్టి అసిటోన్‌లో లవణాలు కరగవు కనుక కొంచెం నీరున్న అసిటోన్ అవసరం.

సారాన్ని ఎన్నాళ్ళు నిల్వ ఉంచవచ్చు?

చిన్న చిన్న భాగాలుగా పంచి మైనస్ 80లో ఉంచండి. ఒకసారి కరిగించినదాన్ని మళ్ళీ గడ్డకట్టించవద్దు. సారం కన్నా గడ్డకట్టిన పొడి, దానికన్నా అసిటోన్ కింద ఉన్న ముద్ద ఎక్కువకాలం నిలుస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు నగరంలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు. తీరప్రాంతంలో పనిచేసే ప్రయోగశాల ఇలాంటి రోజును ముందే ఊహించాలి: ముఖ్యమైన నమూనాలు రెండు వేర్వేరు భవనాల్లో ఉండాలి, అక్టోబరు, నవంబరు నెలల్లో డ్యువార్ నింపి ఉంచాలి, కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్ తలుపు తెరవకూడదు. డీటీటీ, అక్రిలమైడ్ సీసాలను ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే తెరిస్తే సముద్రపు గాలిలోని తేమ లోపల నీరుగా దిగుతుంది. గది ఉష్ణోగ్రతకు వచ్చాకే మూత తీయాలి.

మాస్ స్పెక్ట్రోమెట్రీ కోసం హైదరాబాదుకు పంపేటప్పుడు ఏం చూసుకోవాలి?

సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వంటి సంస్థల సదుపాయం వాడుకునేవారు ముందుగా అక్కడివారిని అడిగి, నమూనా ఏ రూపంలో కావాలో తెలుసుకోవాలి. ట్రైటాన్, పాలీఎథిలీన్ గ్లైకాల్, ఎక్కువ ఎస్‌డీఎస్ ఉంటే పరికరంలో ప్రోటీన్ సంకేతాలు మునిగిపోతాయి. జెల్ పట్టీని కోసేటప్పుడు కొత్త బ్లేడు, తొడుగులు వాడండి, జుట్టు కట్టుకోండి. చర్మం, వెంట్రుకల కెరటిన్ ఫలితాల జాబితాలో మొదటి పేరుగా రావడం తరచుగా జరుగుతుంది. అసిటోన్ మండే ద్రవం, కొరియర్‌లో పంపరాదు. మీ మొక్క జన్యుక్రమం ప్రచురితమై ఉందో లేదో కూడా చూడండి: కంది జన్యుక్రమం 2012లో ఇక్రిశాట్ నేతృత్వంలో వెలువడింది, కనుక కంది ప్రోటీన్ల గుర్తింపు సులువు. జన్యుక్రమం లేని అడవి మొక్కకు దగ్గరి బంధువుల సమాచారంతో పోల్చాల్సి వస్తుంది, గుర్తింపులు తగ్గుతాయి. ఒకే మొక్క సారాన్ని మూడుసార్లు నడపడం మూడు నమూనాలు కాదు. కనీసం మూడు వేర్వేరు మొక్కల నుంచి విడివిడిగా తీయాలి.

మిగిలిన ఫీనాల్, టీసీఏ, అక్రిలమైడ్‌ను సింక్‌లో పోయవచ్చా?

పోయకూడదు. ఫీనాల్, మెథనాల్, అసిటోన్, హెక్సేన్ వ్యర్థాలను క్లోరోఫాం వంటి క్లోరిన్ ద్రావకాలతో కలపకుండా వేరే సీసాలో, పేరూ తేదీ రాసి సేకరించి, అనుమతి ఉన్న ప్రమాదకర వ్యర్థాల సంస్థకు అప్పగించాలి. గట్టిపడని అక్రిలమైడ్ నాడీమండలానికి విషం. మిగిలినదాన్ని జెల్‌గా గట్టిపడనిచ్చి తర్వాత పారవేయాలి. ఫీనాల్ చర్మం మీద పడితే మొదట మొద్దుబారినట్టు ఉండి నొప్పి తెలియదు, కాబట్టి చాలామంది ఆలస్యం చేస్తారు. వెంటనే తడిసిన బట్టలు తీసి, పాలీఎథిలీన్ గ్లైకాల్ 300 లేదా 400తో పదేపదే తుడిచి, అది లేకపోతే ధారాళమైన నీటితో కడిగి, ఆసుపత్రికి వెళ్ళాలి. ఫీనాల్ సీసా తెరవడానికి ముందే ఆ గ్లైకాల్ సీసా బల్ల మీద ఉండాలి.